లాకుల దాకా

నవంబరు పద్దెనిమిది, మంగళవారం. ఆ పొద్దున సాలమోను గారు తిన్నది దిబ్బరొట్టెలో నాలుగో వంతు, దానిలోకి కాస్త అల్లప్పచ్చడి. పైన పంచదార అంతంతమాత్రంగా వేసిన ఒక గ్లాసు కాఫీ.

ఈ సంగతి ఇప్పుడు ఇంట్లో అందరికీ నోటికి వచ్చేసింది. ఆ వేళ ఆయన కాలవగట్టు మీద కళ్ళు తిరిగి తూలిపోయాక, రాజోలు ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మొదట చెప్పింది కోడలు శారోన్. తర్వాత కొడుకు జాషువా ఫోనులో బంధువులందరికీ చెప్పాడు. నిన్న రామచంద్రపురం నుంచి బస్సు దిగిన చెల్లెలు మార్తమ్మ, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అదే అప్పజెబుతోంది.

"నాలుగో వంతు రొట్టె! ఇంత పొడుగు మనిషికి!" అంటోంది వంటింట్లో. "మా అమ్మ పెట్టే రోజుల్లో అన్నయ్య ఒక్కడే మూకుడు మొత్తం లాగించేసి పాకం గిన్నె కూడా నాకేవాడు. పడిపోడా మరి?"

వసారాలో పడక్కుర్చీలో ఉన్న సాలమోను గారికి ప్రతి మాటా వినిపిస్తోంది. కానీ ఆ మాటలు ఆయన కోసం అన్నవి కావు.

శారోన్ బడికి సెలవు పెట్టి మూడు రోజులుగా ఇంటిపట్టునే ఉంది. తన వంటింటి గుమ్మంలో తనే చుట్టపుచూపుగా వచ్చినదానిలా నిలబడి ఉంది.

అటక మీద గిన్నెలు కదిలిన చప్పుడైంది.

"ఇదిగో, దొరికింది. మా వదిన వాడిన అన్నం హస్తం. దీన్నెందుకమ్మా అటకెక్కించేవ్?"

"పెద్దదని అండి."

"పెద్దదనే కొనుక్కుంది మా వదిన. నువ్వు వడ్డించేది పప్పు గరిటంత లేదు. దాంతో రెండుసార్లు పెట్టి రెండు హస్తాలు పెట్టేనంటావు. అన్నయ్య కంటికి రెండే, కడుపుకి ఒకటే. హెడ్మాస్టరు చేసిన మనిషికి లెక్కల్లో టోపీ పెట్టేవు కదే!"

కోపంలో కూడా మార్తమ్మ మాటకి నవ్వు అంచు ఉంటుంది. శారోన్ మాత్రం నవ్వలేదు.

"టోపీయేనండి పిన్నిగారూ. డాక్టరు గారి ముందే ఒప్పుకున్నాను కదండీ."

ఒప్పుకుంది. ఆసుపత్రి మంచం పక్కన నిలబడి అన్నీ చెప్పింది. వేసవిలో మొదలుపెట్టిందట. కాఫీలోకి చెంచా మీద గోపురంలా తీసే పంచదారని మొదట చదును చేసిందట. మావయ్యగారు కనిపెట్టలేదు. ఆ రుచి ఆయన నాలుకకి అలవాటయ్యేదాకా ఆగి ముప్పావు చేసింది. వానలు పడ్డాక సగం. దసరా సెలవుల్లో హస్తం మార్చింది. పెరుగన్నంలోకి అరటిపండు మానిపించి జామకాయ ముక్కలు పెట్టింది. ఒకటి కుదురుకున్నాకనే ఇంకోటి. మానమని ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఆయన మానరని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"తగ్గించడం మంచిదేనమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ ముక్క నాకు చెప్పుంటే మాత్ర కూడా తగ్గించేవాణ్ణి. అది పాత తిండికి రాసిన మాత్ర. తిండి తగ్గి మాత్ర తగ్గకపోతే సుగరు పడిపోదా?"

తర్వాత ఆయన సాలమోను గారి వైపు తిరిగాడు.

"నడక ఏమైనా కొత్తగా మొదలెట్టేరా మాస్టారూ?"

సాలమోను గారు తల అడ్డంగా ఊపారు.

"మరి ఎండవేళ ఆ కాలవగట్టు మీదకి ఎందుకెళ్ళేరండీ?"

"షేవింగు బ్లేడు కోసం."

"అన్నం తగ్గినంత మాత్రాన ఇంతలా పడిపోకూడదే," అని డాక్టరు కాసేపు ఆలోచించి, మాత్ర సగం చేసి రాశాడు.

ఆ ఒక్క తల ఊపుతో తప్పు మొత్తం శారోన్ మీద పడింది.

మార్తమ్మ కాఫీ గ్లాసుతో వసారాలోకి వచ్చింది. రెండో చేతిలో ఏదో పట్టుకుని ఉంది.

"తాగన్నయ్యా. రెండు చెంచాలు, గోపురంగా వేసేను. ఇంక నీకేం భయం లేదు. ఇదిగో, ఇవి కూడా దగ్గరుంచుకో." ఆయన ఒళ్ళో బ్లేడుల ప్యాకెట్టు పడేసింది. అట్టపెట్టె నిండా ఉన్నాయి. "ఈ జన్మకి సరిపోతాయి. బ్లేడు కోసమని మళ్ళీ గడప దాటేవంటే నామీదొట్టే."

సాలమోను గారు ఒక్క గుక్క తాగారు. నాలుక అంగిలికి అంటుకుపోయింది. గొంతులో పాకం దిగినట్టు దిగింది. ఇంత తీపా నేను తాగేది, అనుకున్నారు. భార్య లీలావతి చేతి మీదుగా ఇన్నేళ్ళూ తాగినది ఇదేనా?

గుమ్మం లోపలి నుంచి శారోన్ గొంతు నెమ్మదిగా వచ్చింది.

"పిన్నిగారూ, మాత్ర సగం చేసేరండి. ఇప్పుడు పాత కాఫీ, పాత అన్నం పెట్టేస్తే సుగరు మళ్ళీ పైకెళ్ళిపోతుందండి."

"పైకెళ్తే దింపుకుంటాం. మనిషి కిందపడితే ఎవరు లేపుతారమ్మా?"

శారోన్ మావయ్యగారి వైపు చూసింది. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఇది నేను తాగలేను మార్తా, ఆ పిల్ల చేసిందే నాకు బాగుంది, అంటే చాలు.

ఆయన కళ్ళు దించుకుని గ్లాసు ఖాళీ చేశారు.

*

తొమ్మిదిన్నరకి గేటు చప్పుడైంది. కాలవ మీది లాకుల దగ్గర కొబ్బరితోట ఉన్న కేశవరావు గారు సంచీలో బీరకాయలు పట్టుకొచ్చారు. మంగళవారం గట్టు మీద తూలిపోతున్న సాలమోను గారిని పట్టుకున్నది ఆయనే. తోటలో కాయలు వలిచేవాళ్ళ దగ్గర బెల్లం ముక్క అడిగి నోట్లో పెట్టి, ఆటోలో రాజోలు తీసుకెళ్ళింది కూడా ఆయనే. ఆ బెల్లం ముక్క సమయానికి దొరకడం తలుచుకుంటే సాలమోను గారికి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

"ఎలా ఉందండీ మాస్టారూ ఒంట్లో?"

"బాగానే ఉందండి. కూర్చోండి."

"ఆయ్." కేశవరావు గారు కుర్చీ లాక్కున్నారు. మెల్లగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. "నాకొక్కటి అర్థం కాలేదండి. రోజూ లాకుల దాకా వచ్చి సుబ్బరంగా వెనక్కెళ్ళిపోయే మనిషి, ఆ వేళ అలా ఎందుకైపోయేరండీ?"

"కేశవరావు గారూ..."

"మొదట్లో మీరు కల్వర్టు దాకా వచ్చి తిరిగిపోయేవారు. తర్వాత చింతలమ్మ కొట్టు. మా కాయలు వలిచేవాళ్ళు పందెం కూడా వేసుకున్నారండి, మాస్టారు లాకులు ఎప్పటికి అందుకుంటారోనని. మీరు లాకుల రెయిలింగు ముట్టుకున్న రోజున మీ పేరు చెప్పుకుని టీలు తాగేరు వాళ్ళు!"

"కాస్త నెమ్మదిగా అండీ," అన్నారు సాలమోను గారు కిటికీ వైపు చూస్తూ. కిటికీ తెర కదల్లేదు.

కేశవరావు గారు ఆ చూపు పట్టుకున్నారు. కుర్చీ ముందుకి జరుపుకుని తనకి చేతనైనంత గొంతు తగ్గించారు.

"ఇంట్లో తెలీదా ఏంటండీ?"

"తెలీదండి."

"అదేంటండీ! మంచి పనికి దాపరికమెందుకు? నేనింకా మీ కోడలుగారే పంపిస్తున్నారనుకున్నాను."

చెప్పడానికి అదేమీ పెద్ద కథ కాదు.

లీలావతి సాయంత్రాలు నడకకి వెళ్ళేది. చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి పిలిచేది. "గేటు దాకా రండి, చాలు. అక్కణ్ణించి నేను వెళ్ళిపోతాను." ఆయన పేపరు మీంచి తలెత్తకుండా, "రేపొస్తాలే," అనేవారు. ఆవిడ గేటు మీద చెయ్యేసి కాసేపు ఆగేది. తర్వాత గేటు గొళ్ళెం పడేది. ఏళ్ళ తరబడి అంతే. ఆవిడ గుండెజబ్బుతో పోయి రెండు క్రిస్మస్‌లు దాటాయి.

ఈ వానాకాలంలో ఒక పొద్దున, కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్ళాక గాలికి గేటు టపటపా కొట్టుకుంటుంటే వెయ్యడానికి లేచారు. వేసి వెనక్కి రాకుండా, ఎందుకో గేటు బయట నిలబడ్డారు. మర్నాడు గేటు కొట్టుకోలేదు. అయినా వెళ్ళి నిలబడ్డారు. ఆ వారం గేటు దాకానే. తర్వాత కరెంటు స్తంభం దాకా. దాని తర్వాత కల్వర్టు. ఒక చోటు కాళ్ళకి అలవాటైతే ఇంకో చోటు వాటంతటవే అడిగాయి. చివరికి లాకులు. అక్కడ రెయిలింగు పట్టుకుని నీళ్ళు కిందికి దూకడం చూస్తూ నిలబడినప్పుడు ఆయనకి సంతోషం కలగలేదు. ఇంత చిన్న పని అడిగిందా, అనిపించింది.

ఆ సంగతి ఇంట్లో ఎలా చెబుతారు? చెబితే కొడుకు సంతోషిస్తాడు. సంతోషించాక ఒక ప్రశ్న అడుగుతాడు. అమ్మ అడిగినప్పుడు ఎందుకు వెళ్ళలేదు నాన్నగారూ, అని.

"కాఫీ అండీ." శారోన్ పళ్ళెంతో వచ్చింది. "మీకు పంచదార సరిపోయిందో లేదో చూడండి కేశవరావు గారూ."

ఆమె మొహం ఎప్పటిలాగే ఉంది. సాలమోను గారు ఆ మొహాన్ని పరీక్షగా చూసి, వినలేదు, అని నిమ్మళించారు.

కేశవరావు గారు వెళ్ళాక ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని అక్కడే నిలబడింది.

"మావయ్యగారూ, ఏమైనా చెబుతారా అండీ?"

"బీరకాయ కూర చాలమ్మా మధ్యాహ్నానికి."

ఆమె ఇంకో క్షణం నిలబడింది.

"ఆయ్," అని లోపలికి వెళ్ళింది.

*

సాయంత్రం నాలుగున్నరకి జాషువా కాలేజీ నుంచి వచ్చాడు. వస్తూనే భార్యని దొడ్లోకి పిలిచాడు. దొడ్డి వైపే సాలమోను గారి గది. కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి.

"ఓ నాలుగు రోజులు మీ ఇంటికెళ్ళి రా. అత్తయ్య ఊరెళ్ళిపోయాక వద్దువుగాని."

"తప్పు చేసేనని పంపిస్తున్నారా అండీ?"

"పంపించడం కాదు శారోన్. గొడవ చల్లారాలి కదా."

"గొడవెక్కడుందండీ? నిన్నట్నుంచీ మాట్లాడుతున్నది పిన్నిగారొక్కరే."

"ఆ గట్టు మీద ఎవరూ లేకపోతే? కాలవలో పడుంటే? నాకు చెప్పకుండా నాన్నగారి తిండి తగ్గించేస్తావా నువ్వు?"

"మీకు చెప్పేనండి." ఆమె గొంతు పెంచలేదు. "ఎండాకాలంలో, మలికిపురం పెళ్ళికెళ్ళి వస్తూ బండి మీద చెప్పేను. నాన్నగారి జోలికెళ్ళకు, కోప్పడతారు అన్నారు మీరు. గుర్తుందా?"

కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టలేదు.

"గుర్తుంది," అన్నాడు జాషువా. "అయినా..."

"అయినా?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే. దానానికి ఫోన్ చేసేను. రేపు పొద్దున్నే బండేసుకుని వస్తానన్నాడు."

దానం శారోన్ తమ్ముడు. ఉప్పలగుప్తంలో రొయ్యల చెరువులు చూసుకుంటాడు.

"నన్నడక్కుండానే మా తమ్ముడికి చేసేసేరా?"

"నీ మంచికే కదా."

శారోన్ చిన్నగా నవ్వింది. వినేవాళ్ళకి ఏడుపు కంటే కష్టంగా ఉండే నవ్వు.

"ఈ ఇంట్లో అందరం ఇంతేనండి, నాతో కలిపి. ఎదుటి మనిషి మంచికే చేస్తాం. చెప్పి మాత్రం చెయ్యం."

సాలమోను గారు మంచం మీంచి లేచారు. గది తెర దాకా వచ్చారు. తెర పట్టుకున్నారు.

"ఎక్కడికన్నయ్యా?" హాల్లో చిక్కుళ్ళు గిల్లుతున్న మార్తమ్మ పళ్ళెం పక్కన పెట్టేసి పరిగెత్తుకొచ్చింది. "బాత్రూముకా? ఉండుండు, పట్టుకుంటాను. కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"మరెందుకు లేచేవ్?"

"ఏం లేదులే."

ఆయన వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నారు. దొడ్లో కుళాయి ఎవరో కట్టేశారు.

*

దీపాలు వేసే వేళకి కుటుంబ ప్రార్థన. ఆ ఇంట్లో అది ఎవరి కోపతాపాల కోసమూ ఆగింది లేదు. హాల్లో చాప పరిచారు. లీలావతి కూర్చునే చోట ఎవరూ కూర్చోరు. ఎందుకని ఎవరూ చెప్పుకోలేదు గాని, ఆ మేర చాప ఖాళీగానే ఉంటుంది.

వరసగా ఒక్కొక్కళ్ళూ ప్రార్థించి, చివర పెద్దవాడిగా సాలమోను గారు ముగించాలి.

మార్తమ్మది పొడుగు ప్రార్థన. అన్నయ్యని మరణపు గుమ్మం నుంచి వెనక్కి తెచ్చినందుకు స్తోత్రం చెల్లించింది. కేశవరావు గారి తోటకీ, బెల్లం ముక్కకీ స్తోత్రం చెప్పింది. ఆఖర్న, "ఇంటి పెద్ద విషయంలో అజాగ్రత్త చేసినవాళ్ళకి మంచి బుద్ధి దయచెయ్యి ప్రభువా," అంది. జాషువా రెండు ముక్కల్లో ముగించాడు.

శారోన్ వంతు వచ్చింది. తల మీద చెంగు సర్దుకుంది.

"మావయ్యగారికి ఏది బరువుగా ఉందో దాన్ని దించు తండ్రీ. ఆమేన్."

అంతే. మార్తమ్మ కళ్ళు తెరిచి ఆమె వైపు ఒకసారి చూసి మళ్ళీ మూసుకుంది.

సాలమోను గారు మొదలుపెట్టారు. రోజూ చెప్పే మాటలే అవి, తడుముకోనక్కర్లేదు. ఇంటిల్లిపాదినీ, పొలాలనీ, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళనీ తలుచుకున్నారు. ‘మా లోపాలను’ అన్న చోటికి వచ్చేసరికి గొంతు ఆగింది. ఇక్కడ చెప్పెయ్యవచ్చు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఇంతకంటే తేలిక ఇంకేం ఉంటుంది?

"అన్నయ్యా? నీరసంగా ఉందా? పంచదార తేనా?"

"వద్దు," అన్నారాయన. తొందరగా ఆమేన్ చెప్పేశారు.

రాత్రి అన్నాలప్పుడు అటక దిగిన పెద్ద హస్తంతో మార్తమ్మ వడ్డించింది. సాలమోను గారు సగం తిని లేచారు. మిగిలిన సగం వైపు శారోన్ చూసిందో లేదో ఆయన చూడలేదు.

*

ఆయన కోడలి గది గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆమె చీరలు మడతపెడుతోంది. మంచం మీద సంచీ తెరిచి ఉంది.

"రండి మావయ్యగారూ. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నాను. అమ్మా శారోన్... నేను ఆ వేళ బ్లేడు కోసం వెళ్ళలేదు."

"తెలుసండి."

ఆయన గుమ్మం పట్టుకున్నారు.

"కేశవరావు గారు ఎంత గొంతు తగ్గించినా వీధి చివరికి వినబడుతుందండి. నేను కిటికీ పక్కనే ఉన్నాను."

"మరి అడగలేదేమ్మా?"

"అడిగేనండి, ఏమైనా చెబుతారా అని. మీరు బీరకాయ కూర అన్నారు."

సాలమోను గారు మెల్లగా వచ్చి మంచం పక్కనున్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు. శారోన్ ఇంకో చీర తీసింది. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

"మొదట నాకు భలే సంతోషం వేసిందండి. లాకుల దాకానా, మావయ్యగారేనా, అనుకున్నాను. మనిద్దరం ఒకే ఇంట్లో ఒకే పని చేస్తున్నాం, నేను అన్నం దగ్గర, మీరు గట్టు మీద. ఇద్దరం ఒక్క మాట చెప్పుకుని ఉంటే ఆ మాత్ర ఎప్పుడో తగ్గేది కదా అనిపించింది. సరే, సాయంత్రంలోగా మీరే చెబుతారులే అనుకున్నాను. మీ అబ్బాయి వచ్చేరు. ప్రార్థనయింది. అన్నాలయ్యేయి."

"భయమేసిందమ్మా."

"పిన్నిగారంటేనా?"

"కాదు. మీ అత్తయ్యంటే."

శారోన్ చేతులు ఆగాయి.

"గేటు దాకా రమ్మని అడిగేది," అన్నారాయన. "లాకుల దాకా కాదు. గేటు దాకానే. ఇప్పుడు నేను నడుస్తున్నానని చెబితే, నడవగలిగీ అప్పుడు లేవలేదని అందరి ముందూ చెప్పుకున్నట్టే కదమ్మా."

ఏదో ఒక మంచి మాట అంటుందని ఆయన ఎదురుచూశారు. ఈ పిల్ల ఎప్పుడూ అంటుంది. ఇప్పుడు అనలేదు.

"అది అత్తయ్యగారికీ మీకూ మధ్యదండి," అంది. "ఆవిడకి చెప్పుకోవాల్సింది ఆవిడకి చెప్పుకోండి. నాకు చెప్పాల్సింది మాత్రం ఆసుపత్రిలోనే చెప్పుండాల్సిందండి. డాక్టరు గారు అడిగినప్పుడు. అందరూ నా మొహం చూస్తున్నప్పుడు."

"రేపు దానం వచ్చాక అందరి ముందూ చెబుతానమ్మా. మాటిస్తున్నాను."

"రేపొస్తాలే, అన్నట్టా అండీ?"

ఆ మాట అన్నాక ఆమే నొచ్చుకున్నట్టు పెదవి కొరుక్కుంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

"హాల్లోనే ఉన్నారండి ఇద్దరూ," అంది నెమ్మదిగా.

సాలమోను గారు లేచారు. గది గుమ్మం నుంచి హాలు ఎంతో దూరం లేదు. గేటు కంటే దగ్గర. అయినా ఆయనకి లాకులకి వెళ్ళినప్పుడు కూడా ఇంత ఆయాసం రాలేదు.

మార్తమ్మ పాలగ్లాసులో పంచదార వేసి కలుపుతోంది. జాషువా సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు.

"మార్తా, ఆ చెంచా ఆపు."

"ఏమన్నయ్యా, చాలదా?"

"నేను తాగలేకపోతున్నానే ఆ తీపి. పొద్దున కాఫీ కూడా తాగలేకే తాగేను. ఆ పిల్ల చేసిందే నాకు బాగుంది." ఊపిరి తీసుకున్నారు. "ఇంకోటి. నేను బ్లేడు కోసం వెళ్ళలేదు. వానలప్పట్నుంచీ రోజూ నడుస్తున్నాను. లాకుల దాకా. డాక్టరు అడిగితే అబద్ధం చెప్పేను. పడిపోయింది అన్నం తగ్గడం వల్ల ఒక్కటే కాదు, ఆ నడక వల్ల కూడా. చెప్పకుండా తగ్గించింది శారోన్ ఒక్కతే కాదు. చెప్పకుండా నడిచింది నేను."

చెంచా గ్లాసులోనే ఉండిపోయింది.

"వదిన బతికుండగా గేటు దాకా కూడా..." అని మొదలుపెట్టిన మార్తమ్మ, అన్నయ్య మొహం చూసి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని నెలలుగా ఆయన తప్పించుకు తిరిగిన మాట అదే. సగంలోనే ఆగిపోవడం కూడా ఒక దయే అనిపించింది ఆయనకి.

"డాక్టరు గారు మీ మాట నమ్మే కదా నాన్నగారూ మాత్ర రాసింది," అన్నాడు జాషువా. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"రేపు... కాదు, పొద్దున్నే ఫోన్ చేసి చెబుతాను. నువ్వు నంబరు కలిపివ్వు."

జాషువా లేచి గది గుమ్మం దాకా వెళ్ళాడు.

"శారోన్, ఆ బట్టలు తీసి బీరువాలో పెట్టెయ్. దానానికి రావద్దని చెప్పేస్తాను."

"వద్దండి. రానివ్వండి."

"ఇంకా ఎందుకు? నాన్నగారు చెప్పేరు కదా!"

"మావయ్యగారు చెప్పేరండి. మీరింకా ఏమీ చెప్పలేదు."

జాషువా ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఆమె అతని పక్కనుంచే బయటికి వచ్చింది. మార్తమ్మ చేతిలో గ్లాసు అందుకుని వంటింట్లో పెట్టి, వేరే గ్లాసులో వట్టి పాలు వెచ్చబెట్టి తెచ్చింది. గ్లాసు మరీ వేడిగా ఉందేమోనని అడుగు అరచేతికి ఆనించి చూసి, అప్పుడు సాలమోను గారికి ఇచ్చింది. రోజూ ఇచ్చినట్టే.

"ఆ తియ్యటివి నేను తాగేస్తాలేమ్మా," అంది మార్తమ్మ ఎటో చూస్తూ. "పారబొయ్యకు."

"ఆయ్, అలాగేనండి పిన్నిగారూ."

సాలమోను గారు గ్లాసు పట్టుకుని కోడలి మొహం వైపు చూశారు.

"పొద్దున ఉంటావా అమ్మా?"

"చల్లారిపోతాయి మావయ్యగారూ. తాగి పడుకోండి."

ఆయన తాగారు. పాలల్లో పాల రుచే ఉంది.

శారోన్ గదిలోకి వెళ్ళింది. మంచం మీద సంచీ ఇంకా తెరిచే ఉంది. ఆమె దాన్ని సర్దనూ లేదు, ఖాళీ చెయ్యనూ లేదు. ఎత్తి గుమ్మం పక్కన, వెళ్ళేటప్పుడు చేతికి అందేలా, నేల మీద పెట్టింది.

హాల్లో జాషువా అక్కడే నిలబడి ఉన్నాడు. తండ్రి అతన్ని చూశారు. వెళ్ళి ఒక్క మాట చెప్పరా, ఇప్పుడే చెప్పు, అనాలనుకున్నారు. తనకి అనే హక్కు ఉందో లేదో తేలలేదు.

శారోన్ తలుపు రెక్క మీద చెయ్యేసి, కాసేపు ఆగింది. జాషువా కదల్లేదు. ఆమె ఎవరికీ నిద్రాభంగం కాకూడదన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసుకుంది.